డంబెల్స్ లేని ఇళ్లకూ పనికివచ్చే వ్యాయామ పాఠాలు అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పుటలో ఇంట్లోనే చేసుకోదగిన కండబలం వ్యాయామాల గురించి వస్తున్న వ్యాసాలను చెన్నైలో స్థిరపడిన నాలాంటి తెలుగువారు చాలామంది శ్రద్ధగా చదువుతున్నారు. నడక ఒక్కటే చాలదని, ఒంట్లోని పెద్ద కండరాలన్నింటికీ పని చెప్పే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనను ఆ వ్యాసాలు మన ఇళ్లకు చేర్చడం ఎంతో మంచి పని. అయితే వాటిలో చెప్పే వ్యాయామాలలో ఎక్కువ భాగం, రెండు చేతుల్లో చెరొక పది కిలోల డంబెల్ పట్టుకోవాలనో, పదిహేను కిలోల డంబెల్‌ను ఛాతీకి ఆనించుకోవాలనో మొదలవుతున్నాయి. ఆ మొదటి వాక్యం దగ్గరే, ఇది మన ఇంటికి కుదిరే పని కాదని అనుకొని పత్రిక మడిచి పక్కన పెట్టినవారిని నేను ఎరుగుదును. ఏళ్ల తరబడి బడిపిల్లలకు వ్యాయామం నేర్పి, పదవీ విరమణ తరువాత కూడా ఇరుగుపొరుగు వారికి ఉదయం పూట మిద్దె మీద నేర్పుతున్న మనిషిగా నేను కోరేది ఒక్కటే. బరువైన డంబెల్‌తో చెప్పే ప్రతి వ్యాయామం పక్కనే, అది లేనివారు దేనితో చేయాలో, ఎలా చేయాలో, ఎంతవరకు చేయాలో కూడా రాయించండి.

డంబెల్స్ కొనకపోవడానికి కారణం బద్ధకం కాదు. పెరంబూరు, కొళత్తూరు, విల్లివాక్కం వంటి చోట్ల ఒకటి రెండు గదుల అద్దె ఇళ్లలో ఉండే కుటుంబానికి ఒక జత కొంటే సరిపోదు. భుజాలకు తగిన బరువు వీపుకు చాలదు, వీపుకు తగినది కాళ్లకు ఏ మూలకూ రాదు. కనుక కనీసం మూడు నాలుగు జతలు కావాలి. ఇనుమును కిలోల లెక్కన అమ్ముతారు కనుక బరువు పెరిగే కొద్దీ ఖర్చూ పెరుగుతుంది. చవకగా దొరికే వాటిలో చాలా వరకు లోపల సిమెంటు మిశ్రమం నింపి పైన ప్లాస్టిక్ తొడుగు వేసినవే, అవి కింద పడితే తొడుగు చిట్లి పొడి రాలుతుంది. తిరువొత్తియూరు, తిరువాన్మియూరు వంటి సముద్రపు ఒడ్డు పేటల్లో ఉప్పుగాలికి ఇనుప బిళ్లలు తుప్పు పట్టకుండా కాపాడుకోవడం మరొక పని. ఇల్లు మారినప్పుడల్లా వాటిని మోసుకుపోవాలి, చేయి జారి టైల్స్ మీద పడితే నష్టపరిహారం ఇంటి యజమానికీ, సంజాయిషీ కింది అంతస్తు వారికీ ఇచ్చుకోవాలి. ఇన్ని చిక్కులున్న వస్తువును తప్పనిసరి సామగ్రిగా చూపిస్తే, చేయగలిగినవారు కూడా మానుకుంటారు.

కండ పెరగడానికి కావలసింది దాని మీద పడే ఒత్తిడి. ఆ ఒత్తిడి ఇనుము వల్ల వచ్చిందా, ఇసుక వల్లనా, రబ్బరు వల్లనా, సొంత ఒంటి బరువు వల్లనా అన్నది ఆ తరువాతి సంగతి. ఇటీవలి పరిశోధనలలో పదే పదే తేలిన విషయం పాఠకులకు తప్పక చెప్పదగినది. ఒక వ్యాయామంలో ఒకే ఒక్కసారి అతికష్టం మీద 30 కిలోలు ఎత్తగలిగిన మనిషి 24 కిలోలతో ఎనిమిది సార్లు చేసినా, 10 కిలోలతో పాతిక ముప్పై సార్లు చేసినా, రెండింటినీ ఇక చేయలేననే దశ దగ్గరి దాకా తీసుకువెళితే కండ పరిమాణంలో వచ్చే పెరుగుదల దాదాపు ఒకేలా ఉంటుంది. అసలు మెలకువ ఆ చివరి దశలోనే ఉంది. తేలికైన బరువును పది సార్లు ఊపి, చెమట పట్టక ముందే పక్కన పెడితే ఫలితం రాదు. ఇంకా రెండు మూడు సార్లకు మించి సరైన భంగిమలో చేయలేను అనిపించే వరకు కొనసాగించాలి. మరీ తేలికైనవి, అంటే గరిష్ఠ బరువులో ఐదో వంతుకు మించనివి, ఎన్ని సార్లు ఎత్తినా అంత మేలు చేయవు. కనుక అర లీటరు నీళ్ల సీసాలు పట్టుకొని చేతులు ఆడించమని చెప్పే సలహాలను నేను ప్రత్యామ్నాయంగా లెక్కించను.

ఈ మాటకు ఒక హద్దు ఉన్నదని కూడా చెప్పాలి. కండ పరిమాణం వేరు, ఒక్కసారిగా ఎక్కువ బరువు ఎత్తగల సత్తా వేరు. రెండోది కావాలంటే ఎక్కువ బరువులనే ఎత్తుతూ సాధన చేయాలి. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి బాటలో నడవాలనుకునే పిల్లలకు ఇనుప కడ్డీ, బిళ్లలు, దగ్గరుండి చూసే గురువు తప్పవు. కానీ మీ ఆరోగ్య పుట చదివే ఇంటిల్లిపాదికీ కావలసింది మెట్లెక్కినప్పుడు మోకాలు వణకకపోవడం, బియ్యం బస్తా జరిపినప్పుడు నడుము పట్టుకోకపోవడం, అరవై దాటాక కూడా నేల మీద కూర్చొని ఎవరి చేయీ పట్టుకోకుండా లేవగలగడం. అందుకు ఇనుమే కావాలన్న నియమం లేదు.

తాలింఖానాలలో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, దండీలు, గుంజీల వంటి బస్కీలు తీసి ఒళ్లు గట్టిపరచుకున్న పరంపర మనది. వీరఘట్టంలో పుట్టి, కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న కోడి రామమూర్తి నాయుడు గారు ఈ ఊళ్లోని సైదాపేటలోనే వ్యాయామ శిక్షణ పొంది విజయనగరంలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ పరంపరలోని దండీకి దగ్గరి చుట్టమైన పుష్-అప్‌లో ఎంత బరువు ఉందో చాలామంది ఊహించరు. మామూలు పుష్-అప్‌లో చేతుల మీద పడేది ఒంటి బరువులో దాదాపు 64 శాతం. అంటే 70 కిలోల మనిషి సుమారు 45 కిలోలను ఛాతీతో, భుజాలతో, మోచేతి వెనుక కండరాలతో నెడుతున్నట్టు. మోకాళ్లు నేలకు ఆనిస్తే అది ఒంటి బరువులో దాదాపు సగానికి దిగుతుంది, రెండడుగుల ఎత్తున్న దిమ్మె మీద చేతులు పెట్టి చేస్తే దాదాపు 40 శాతానికి తగ్గుతుంది, అదే ఎత్తు మీద పాదాలు పెడితే 74 శాతం దాకా పెరుగుతుంది. చేతికింద డంబెల్ లేకుండానే ఇన్ని మెట్లు దొరుకుతున్నప్పుడు, డంబెల్‌తో చేసే ఛాతీ వ్యాయామం గురించి రాసే వ్యాసం ఈ మెట్లను ఎందుకు చెప్పకూడదు? నడుము పైకి లేపి, తల నేలవైపు దించి చేసే పుష్-అప్ భుజాలకు, తల పైకి డంబెల్ ఎత్తినంత గట్టి పని చెబుతుంది. రక్తపోటు, కళ్లలో నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవారు మాత్రం తల దించే ఆ భంగిమ జోలికి పోకూడదు.

కాళ్ల దగ్గరకు వచ్చేసరికి డంబెల్ లేదన్న బెంగ అందరికీ ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే కాళ్ల కండరాలు పెద్దవి, వాటికి పెద్ద బరువే కావాలి. ఇక్కడ చేయవలసింది బరువు పెంచడం కంటే కాలు తగ్గించడం. రెండు కాళ్ల మీద తీసే గుంజీ తేలికైపోతే ఒక కాలి మీదికి మారాలి. మా వీధిలో నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక గృహిణి చేసే తీరు చెబుతాను. ఆమె గది నేల రెండడుగుల టైల్స్‌తో పరిచి ఉంటుంది. గోడ వారగా జానెడు ఎత్తున్న పీట వేసి, వెనుక పాదాన్ని దాని మీద ఆనించి, ముందు పాదం సరిగ్గా ఒక టైలు దాటి పెడుతుంది. మొదట్లో మంచం మీద కాలు పెట్టేది గానీ, ఆ ఎత్తుకు నడుము విల్లులా వంగి నొప్పి చేసింది కనుక పీటకు మార్పించాను. పిల్లల బడిసంచిలో పాత పుస్తకాలు నింపి, సందుల్లో తువ్వాళ్లు కుక్కి కదలకుండా చేసి, సంచిని వీపుకు కాక ఛాతీకి తగిలించుకుంటుంది. మూడు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా దిగి, కింద ఒక్క క్షణం ఆగి, ముందు మడమతో నేలను తన్నుతూ లేస్తుంది. ఆ సంచి ఎనిమిది కిలోలకు మించదు, అయినా పన్నెండోసారికి తొడలు మండుతున్నాయని ఆమే చెబుతుంది. రెండు చేతుల్లో పెద్ద డంబెల్స్ పట్టుకొని తీసే గుంజీకి ఇది ఏ విధంగానూ తీసిపోదని నా అనుభవం.

పిరుదులకు, తొడల వెనుక భాగానికి మంచం పట్టెను ఆసరాగా వాడుకోవచ్చు. మంచాన్ని గోడకు చేర్చి, వీపు పైభాగం పట్టెకు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, పొత్తికడుపుకు దిగువన, తుంటి మీద మడిచిన దుప్పటి వేసుకొని, దాని మీద పది కిలోల బియ్యం సంచిని పెట్టుకొని నడుము పైకి ఎత్తడం చాలా మంచి వ్యాయామం. అది అలవాటయ్యాక 25 కిలోల బస్తాకు మారవచ్చు. బస్తాను ఒళ్లోకి ఎవరైనా అందించాలి, ఒంటరిగా ఈడ్చుకోకూడదు.

అందరూ నిర్లక్ష్యం చేసేది వీపు. రోజంతా కంప్యూటరు ముందో, కుట్టు మిషను ముందో, పొయ్యి ముందో ముందుకు వంగి ఉండే మనకు లాగే వ్యాయామాలు అన్నింటికంటే ముఖ్యం, ఇంట్లో అన్నింటికంటే కష్టంగా కుదిరేవి కూడా అవే. నేలను నెట్టవచ్చు గానీ లాగలేము కదా. పుస్తకాల సంచినే పైపట్టీ పట్టుకొని, మరో చేతిని మంచం మీద ఆనించి, నడుము వంచకుండా తుంటి దగ్గర వంగి, మోచేయి ఒంటికి రాసుకుంటూ వెనక్కి వెళ్లేలా లాగితే డంబెల్‌తో చేసే పనే అవుతుంది. సంచి కుట్లు గట్టివో కాదో ముందుగా చూసుకోవాలి. రెండో దారి రబ్బరు బ్యాండు, అంటే వ్యాయామం కోసమే అమ్మే సాగే పొడవాటి రబ్బరు పట్టీ. పాత ఇళ్లలో గోడలోకి దిగేసిన కిటికీ ఊచలు ఇందుకు బాగా పనికివస్తాయి, కానీ స్క్రూలతో బిగించిన కొత్తరకం అల్యూమినియం చట్రాలకు బ్యాండు తగిలించకూడదు. ఊచ చుట్టూ పాత గుడ్డ చుట్టి, దాని మీదుగా బ్యాండు తిప్పి, రెండు కొసలూ పట్టుకొని, గోడకు రెండు మూడు అడుగుల దూరంలో కూర్చొని లాగాలి. తలుపుకు తగిలించేవారు తలుపు తమవైపు తెరుచుకోకుండా చూసుకోవాలి, కీళ్ల వైపున తగిలించాలి, అవతల ఎవరూ తలుపు తీయకుండా గడియ పెట్టుకోవాలి. మూడో దారి కార్పొరేషన్ పార్కుల్లోని కడ్డీలు. పూర్తిగా వేలాడి పైకి లేవలేనివారు బల్ల మీద నిలబడి గడ్డం కడ్డీ పైకి తెచ్చుకొని, కాళ్లు వదిలేసి నెమ్మదిగా కిందికి దిగడం మాత్రమే చేసినా వీపుకు గట్టి పని తగులుతుంది.

బ్యాండ్ల గురించి మీ వ్యాసకర్తలు మరికొంత వివరంగా రాయాలని నా కోరిక. ఇనుము మొదటి నుంచి చివరి దాకా ఒకే బరువు, బ్యాండు మాత్రం సాగే కొద్దీ బిగుస్తుంది. మొదట్లో తేలిక, చివర కష్టం. నెట్టే పనికి ఇది అనుకూలమే, ఎందుకంటే చేయి చాపే కొద్దీ మన సత్తువ కూడా పెరుగుతుంది. లాగే పనిలో అలా కాదు, చేతులను ఒంటికి చేర్చే చివరి జానెడులో సత్తువ తగ్గుతుంది, బ్యాండేమో అప్పుడే బిగుస్తుంది. కాబట్టి లాగడానికి నెట్టేదానికంటే ఒక మెట్టు పలుచని బ్యాండు వాడి, చివర రెండు క్షణాలు ఆపి పట్టుకోవాలి. బ్యాండు పొట్లం మీద అచ్చువేసే కిలోలు అది బాగా సాగినప్పటివి. ఆ అంకె చూసి డంబెల్ బరువుతో పోల్చుకుంటే లెక్క కుదరదు. చెన్నై ఎండకు, వేడికి రబ్బరు త్వరగా పెళుసుబారుతుంది. మిద్దె మీద దండేనికి వదిలేయకూడదు, నూనె చేతులతో తాకకూడదు. వాడబోయే ముందు ప్రతిసారీ రెండు చేతులతో కొద్దిగా సాగదీసి వెలుతురులో చూస్తే సన్నని పగుళ్లు కనబడతాయి. పగులు కనబడితే పారేయడమే, ముడి వేసి వాడుకోవడం తగదు. తెగిన బ్యాండు కంటికి తగిలితే జరిగే నష్టం ఏ వ్యాయామం వల్లా తీరదు.

నీళ్లకు, ఇసుకకు ఉన్న సుగుణం, డంబెల్స్‌కు లేనిది ఒకటుంది. ఐదు కిలోల డంబెల్ తరువాత అంగడిలో సాధారణంగా దొరికేది ఏడున్నర. అంటే ఒక్కసారిగా సగం బరువు పెరుగుతుంది, చేతులు పక్కకు చాపి ఎత్తే వ్యాయామంలో భుజం అంత పెద్ద మెట్టు ఎక్కలేదు. పిడి ఉన్న 5 లీటర్ల వంటనూనె డబ్బాలో మొదట మూడు లీటర్ల నీళ్లు పోసి, వారం వారం పావు లీటరో, అర లీటరో పెంచుకుంటూ పోతే లీటరుకు కిలో చొప్పున లెక్క స్పష్టంగా ఉంటుంది. సగం నిండిన డబ్బాలో నీళ్లు అటూ ఇటూ ఊగుతాయి కనుక కదలిక నెమ్మదిగా ఉండాలి. ఐదు లీటర్లూ చాలనప్పుడు నీటికి బదులు పొడి ఇసుక నింపితే అదే డబ్బా దాదాపు 8 కిలోలు అవుతుంది. పెద్ద బరువు కావలసినవారు మందమైన ప్లాస్టిక్ సంచుల్లో నాలుగేసి కిలోల ఇసుక పోసి, మూతి మడిచి టేపు చుట్టి, ఒక్కొక్కటీ మరో సంచిలో పెట్టి మళ్లీ చుట్టి, వాటిని గట్టి కాన్వాసు జిప్పు సంచిలో పేర్చుకుంటే, కావలసినప్పుడు కలుపుకొని, అక్కరలేనప్పుడు తీసేయగల ఇసుక మూట తయారవుతుంది. ఇసుకను బాగా ఎండబెట్టాలి, లేకపోతే లోపల చెమ్మ చేరి వాసన వేస్తుంది. సముద్రపు ఒడ్డున తవ్వి తెచ్చే ఉప్పు ఇసుక ఈ పనికి వద్దు, ఇల్లు కట్టేచోట అడిగితే దొరికే ఇసుక చాలు. చేతి నుంచి జారినా మూట నేల టైలును పగలగొట్టదు, కింది ఇంటివారి నిద్ర చెడగొట్టదు.

అయితే చేతికందిన బరువైన వస్తువల్లా వ్యాయామ సామగ్రి కాదని అంతే గట్టిగా చెప్పాలి. వంటగ్యాస్ సిలిండరును ఎత్తి చూపించేవారు ఉన్నారు. లోపల 14.2 కిలోల గ్యాసుతో కలిపి నిండు సిలిండరు దాదాపు 30 కిలోలు తూగుతుంది. అది చేయి జారి వాల్వు మీద పడితే ప్రమాదం ఇంటికంతటికీ. దయచేసి అటువంటి బొమ్మ మీ పుటలో ఎప్పుడూ రానివ్వకండి. మన ఊళ్లో ప్రతి ఇంటా ఉండే 20 లీటర్ల నీళ్ల క్యాను కూడా తల పైకి ఎత్తడానికి తగినది కాదు, మెడ దగ్గర పట్టుకుంటే మణికట్టు మెలిపడుతుంది, తడి చేతిలో జారుతుంది. రెండు చేతులతో ఒంటికి హత్తుకొని గదిలో ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నడవడానికైతే అది చక్కగా పనికివస్తుంది. ప్లాస్టిక్ బకెట్ల తీగ పిడులు ఊడుతాయి. ప్లాస్టిక్ కుర్చీల మీద కాళ్లు పెట్టి పుష్-అప్‌లు చేస్తే కుర్చీ జారుతుంది. ఫ్యాను కొక్కేనికి తాడు వేసి వేలాడటం ఎంత మాత్రం కూడదు.

వయసు పైబడినవారి కోసం ప్రత్యేకంగా ఒక వ్యాసం రాయించండి. చేతులు ఛాతీ మీద కట్టుకొని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే శరీర సామర్థ్యం తగ్గినట్టు పరిగణించాలని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో సూచించింది. గోడకు ఆనించిన కుర్చీ, చేతి గడియారం ఉన్న ఎవరైనా తమ తల్లిదండ్రులకు ఇది చేయించి చూడవచ్చు. లేవలేకపోతున్నవారికి మొదటి వ్యాయామం అదే కుర్చీ. కింద దిండు వేసి ఎత్తు పెంచి లేవడం మొదలుపెట్టి, కొన్నాళ్లకు దిండు తీసేసి, ఆ తరువాత రెండు కిలోల కందిపప్పు సంచిని గుండెకు హత్తుకొని లేవాలి. బిగపట్టిన ఊపిరి రక్తపోటును ఒక్కసారిగా పెంచుతుంది కనుక లేచేటప్పుడు ఊపిరి వదలాలని పెద్ద అక్షరాలతో వేయండి. గుండె జబ్బు, గిలక వ్యాధి (హెర్నియా), ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవారు తమ వైద్యుణ్ణి అడిగిన తరువాతే మొదలుపెట్టాలి.

ఇదంతా ఒక్క వ్యాసంలో పట్టదని నాకు తెలుసు. అందుకే నేను కోరేది కొత్త శీర్షిక కాదు. ఇప్పుడు వస్తున్న ప్రతి వ్యాయామం కిందా మూడు నాలుగు పంక్తులు చాలు. డంబెల్ లేకపోతే ఏ వస్తువు, దానిని పట్టుకునే తీరు, ఎన్నిసార్లు అనే అంకెకు బదులు ఎంత అలసట దాకా, ఏ పరిస్థితిలో ఆపాలి. బొమ్మల్లో అద్దాల జిమ్ముకు బదులు మామూలు గది, మంచం, పీట, కిటికీ ఊచలు కనబడాలి, చుడీదారులోనో లుంగీలోనో ఉన్న మనుషులు కనబడాలి. మొదలుపెట్టడం వీపు వ్యాయామాలతో మొదలుపెట్టండి, ఎందుకంటే ఛాతీకీ కాళ్లకూ ఏదో ఒక దారి పాఠకులు తామే వెతుక్కోగలరు గానీ, లాగే వ్యాయామాన్ని ఇంట్లో క్షేమంగా అమర్చుకునే తీరు ఎవరో ఒకరు చూపించాలి. కావలసిన కొలతలు, భంగిమలు రాసి పంపడానికీ, ఫొటోల కోసం మా మిద్దె మీద చేయించి చూపడానికీ నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
పెరంబూరు, చెన్నై